ప్రపోజల్ రాసే ముందు ఊళ్లో తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర మీ ఊరు. సుమారు నూట ఇరవై గడప. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఊరి చివర కొన్ని సవర కుటుంబాలు. ఇంటింటికీ కుళాయి రావాలని, పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక గది ఉండాలని ఆరు నెలలుగా వాట్సాప్ గ్రూపులో అందరూ అనుకుంటున్నారు. విశాఖలో, సూరత్‌లో, అమెరికాలో ఉన్న మీవాళ్లు డబ్బు వేస్తామన్నారు. ఒక కంపెనీలో సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు చూసేవాళ్లు ప్రపోజల్ పంపమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, దాతలతో ఏం మాట్లాడాలి అని అడిగారు.

ప్రపోజల్ ఇప్పుడే రాయకండి. నేను గజపతి, రాయగడ జిల్లాల్లో తాగునీటి పనుల మీద చాలా ఏళ్లు తిరిగాను. తర్వాత కొంతకాలం దాతల తరఫున ప్రపోజల్స్ చదివి అభిప్రాయం చెప్పే పని చేశాను. పని మధ్యలో ఆగిపోయిన ఊళ్లు, మోటారు తుప్పుపట్టిన ఊళ్లు చూశాను. వాటిలో చాలాచోట్ల డబ్బుకు లోటు రాలేదు. మోటారు కాలిపోయిన రోజున ఎవరు కదలాలి, ఎవరి డబ్బుతో బాగుచేయించాలి అన్నది మాత్రం మొదట్లో ఎవరూ తేల్చలేదు. అది తేలాకే దాత గడప తొక్కాలని నా గట్టి అభిప్రాయం.

ముందు మీ వాట్సాప్ గ్రూపు సంగతి. 'అందరూ అనుకుంటున్నారు' అన్నారు కదా, ఆ అందరూ ఎవరో ఒకసారి పేర్లు రాసి చూడండి. ఎక్కువమంది ఊరు వదిలి వెళ్లినవాళ్లు, అందులోనూ మగవాళ్లు అయివుంటారు. బిందె మోసేది ఊళ్లో ఉన్న ఆడవాళ్లు. సవర కుటుంబాల నుంచి ఆ గ్రూపులో ఎవరైనా ఉన్నారా? బయట ఉన్నవాళ్ల ఉత్సాహాన్ని నేను తక్కువ చేయడం లేదు, చాలా ఊళ్లలో మొదటి మాట వాళ్ల నుంచే వచ్చింది. కానీ రేపు నెలనెలా నీటి చందా కట్టేది, ట్యాంకు కడిగేది, గొడవ వస్తే వీధిలో ఎదురెదురుగా నిలబడేది ఊళ్లో ఉండేవాళ్లే. వాళ్ల నోటి నుంచి మాట రావాలి.

దీనికి మీకు దగ్గర్లోనే గట్టి ఉదాహరణ ఉంది. బరంపురం దగ్గర మొహుదాలో ఉన్న గ్రామ్ వికాస్. 1971లో ఒడిశాలో తుపాను వచ్చినప్పుడు సాయం చేయడానికి మద్రాసు నుంచి వచ్చిన విద్యార్థుల్లో కొందరు ఇక్కడే ఉండిపోయారు. జో మడియత్ వాళ్లలో ఒకరు. 1979లో సంస్థ ఏర్పడింది. మొదట్లో వాళ్లకు పేరు తెచ్చింది గోబర్ గ్యాస్. 1993 నాటికి 54 వేలకు పైగా ప్లాంట్లు కట్టించారు. అది మంచి పనే, కాకపోతే పశువులున్న ఇంటికే పనికొస్తుంది. పశువులు లేని పేదవాడు పక్కింటి ప్లాంటు చూస్తూ ఉండాల్సిందే.

1992లో ఐదు ఊళ్లలో నీళ్లు, మరుగుదొడ్ల పని మొదలుపెట్టినప్పుడు వాళ్లు పద్ధతి మార్చారు. ఊళ్లో ప్రతి ఇల్లూ చేరితేనే పని. నూటికి నూరు. తొంభై తొమ్మిది ఇళ్లు సరే అని ఒక్క ఇల్లు కాదన్నా సిమెంటు బస్తా దిగదు. మొదట విన్నవాళ్లందరికీ ఇది మొండితనంగానే తోస్తుంది. ఊళ్లో సగం మంది మలవిసర్జనకు బయటికి వెళ్తూ ఉంటే చెరువు, బావి పాడవుతూనే ఉంటాయి. మిగతా సగం మంది కట్టుకున్న మరుగుదొడ్లు వాళ్ల పిల్లలను కూడా విరేచనాల నుంచి కాపాడలేవు. కాబట్టి ఆ షరతు ఆరోగ్యానికి సంబంధించిన లెక్క. ఇంకో సంగతి ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. ఏ పథకంలోనైనా మిగిలిపోయే ఆ ఒకటి రెండు ఇళ్లు ఎప్పుడూ అవే: ఒంటరి ముసలమ్మ, ఊరి చివర వాడ, వలస వెళ్లిన కుటుంబం. నూరు శాతం అన్న షరతు పెడితే ఊరి పెద్దలే ఆ ఇళ్ల గుమ్మం దాకా వెళ్లి మాట్లాడాల్సి వస్తుంది. అంతకుముందు ఎప్పుడూ వెళ్లని గుమ్మాలు అవి. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, వేరే స్నానాల గది, మూడు కుళాయిలు. పెద్దింటికీ, చివరి వాడకూ ఒకే కొలత, ఒకే ట్యాంకు నీళ్లు. కులం పేరుతో బావి గట్టు ఎక్కనివ్వని ఊళ్లలో ఇది ఎంత పెద్ద మార్పో మీకు నేను చెప్పనక్కర్లేదు.

డబ్బు విషయంలో వాళ్లు చేసింది ఇంకా జాగ్రత్తగా గమనించండి. పని మొదలవకముందే ప్రతి ఇల్లూ సగటున 1,000 రూపాయలు వేసి మూలధనం పోగుచేయాలి. 'సగటున' అన్న మాటలోనే ఊరి న్యాయం ఉంది. ఉన్నవాళ్లు ఎక్కువ, లేనివాళ్లు తక్కువ వేస్తారు, ఎవరు ఎంత అన్నది ఊరే కూర్చుని తేలుస్తుంది. ఆ సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేస్తారు, అసలు ముట్టరు. దాని వడ్డీ, రేపు ఊళ్లో కొత్తగా వేరుపడే కాపురాలకు ఇదే సదుపాయం కల్పించడానికి. అంటే పెళ్లయి వేరే ఇల్లు కట్టుకున్న కొడుకు కూడా నూరు శాతం లెక్కలోకి వస్తాడు, పదేళ్ల తర్వాత కూడా. ఇసుక, రాయి, ఇటుక, కూలి పని ఊరిది. సిమెంటు, ఇనుము లాంటి బయట కొనే సామాన్లకు సంస్థ దాతల నుంచి, ప్రభుత్వం నుంచి డబ్బు తెచ్చింది. ఊళ్లో కుర్రాళ్లకు తాపీ పని నేర్పించారు. వాళ్లలో చాలామంది తర్వాత మేస్త్రీలుగా బతికారు.

ఇప్పుడు ఆ లెక్కను మీ ఊరికి వేసి చూద్దాం. వెయ్యి రూపాయలు అప్పటి రోజుల మాట, ఇవాళ్టికి చాలదు. అయినా సులువుగా ఉంటుందని అదే తీసుకుంటే నూట ఇరవై ఇళ్లకు లక్షా ఇరవై వేలు. 7 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 8,400. ఒక కొత్త ఇంటికి పైపు లాగడానికి సరిపోవచ్చు, మోటారు బాగుచేయడానికి, కరెంటు బిల్లుకు సరిపోదు. అందుకని నెలవారీ చందా వేరుగా ఉండాలి. ఇంటికి వంద చొప్పున అయితే నెలకు 12,000. ఆపరేటర్‌కు ఎంత, కరెంటుకు ఎంత, రిపేరు ఖాతాలో ఎంత మిగులుతుంది అన్నది మీరే కూర్చుని వేసుకోండి. కొండ ఊళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పైనున్న ఊట నుంచి పైపు వేస్తే నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి, కరెంటు బిల్లు ఉండదు. గజపతి కొండల్లో అలా చేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. మీది వంశధార పక్కన పల్లపు ఊరు కాబట్టి బోరు, మోటారు, ట్యాంకు తప్పవు. అందుకే నెల చందా మీ దగ్గర ఇంకా ముఖ్యం. ఆడవాళ్లను అడిగి ఆ అంకె ఖాయం చేయండి. ఇంటి ఖర్చు వాళ్ల చేతిలో ఉంటుంది, ఎంత కట్టగలమో వాళ్లకే సరిగ్గా తెలుసు.

ఈ నిర్ణయాలన్నీ పల్లీసభలో పెట్టండి. ఒడిశాలో గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం ఊరి స్థాయిలో జరిగేది పల్లీసభే. దాని తీర్మానానికి విలువ ఉంటుంది. ఎంత విలువ ఉంటుందో నియమగిరి కొండల్లోని ఊళ్లు చూపించాయి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలిపెడితే, రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్ల సభలు బాక్సైట్ గనిని వద్దన్నాయి, గని రాలేదు. మీది అంత పెద్ద తగాదా కాదు గానీ, పద్ధతి అదే. మన సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. తీర్మానం ఒడియాలో రాస్తారు. మన పెద్దవాళ్లు ఒడియా బాగానే మాట్లాడతారు, చదవలేరు. వేలిముద్ర వేసి వచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత 'నేను చందాకు ఎప్పుడు ఒప్పుకున్నాను?' అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. రాసిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో, సవర భాషలో పైకి చదివి వినిపించాకే సంతకాలు తీసుకోండి. తెలుగు ప్రతిని గుడి గోడకో, అంగన్‌వాడీ గోడకో అంటించండి.

ఇంకో పని వెంటనే చేయండి. బ్లాకులో గ్రామీణ నీటి సరఫరా విభాగం జూనియర్ ఇంజనీర్‌ను కలిసి, ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద మీ ఊరికి పథకం ఇప్పటికే మంజూరైందా అని అడగండి. మంజూరై ఉంటే దాతల డబ్బుతో మళ్లీ అదే పైపు వేయించడం వృథా. ఆ పథకంలో ఊరి లోపలి పనుల ఖర్చులో ఊరి వాటా 10 శాతం. కొండ ప్రాంతాలు, అటవీ ప్రాంతాలు, ఎస్సీ ఎస్టీలు సగం కంటే ఎక్కువున్న ఊళ్లకు 5 శాతం. డబ్బుగానో, సామానుగానో, శ్రమగానో ఇవ్వొచ్చు. నీటి కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. అలాంటప్పుడు దాతల డబ్బును ప్రభుత్వం ఇవ్వని వాటికి వాడుకోవచ్చు: రిపేరు నిధికి మొదటి పెట్టుబడి, ఆపరేటర్ శిక్షణ, నీటి పరీక్షలు, చివరి వాడకు మిగిలిపోయిన పైపు.

ఇక దాతల సంగతి. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఊరివాళ్లు భయంతో అడగాల్సినవి అడగకుండా వచ్చేస్తారు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు మీ యువజన సంఘానికి నేరుగా ఇవ్వలేరు. తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఎ, 80జి అని పిలిచేవి), అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. మీరు ఇవాళ సొసైటీ రిజిస్టర్ చేసినా మూడేళ్ల అనుభవం రాదు. కాబట్టి జిల్లాలో పేరున్న సంస్థ ఒకదాన్ని వెతుక్కుని, వాళ్ల ద్వారా డబ్బు రానిచ్చి, ఊరు ఏం చేస్తుంది, సంస్థ ఏం చేస్తుంది అన్నది ఒప్పందం రాసుకోవడమే దారి. వాళ్ల పాత పనుల్లో రెండు మూడు ఊళ్లకు ముందు మీరు వెళ్లి చూడండి. వాళ్లు తీసుకెళ్లే ఊళ్లకు కాదు, మీరు ఎంచుకున్న ఊళ్లకు. కుళాయి తిప్పి చూడండి.

కంపెనీవాళ్లు మార్చి నెలలో ఫోన్ చేసి, 'ఈ నెలాఖరుకి బిల్లులు కావాలి' అని తొందర పెడతారు. ఊళ్లో నూట ఇరవై ఇళ్లు ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. ఈ రెండు కాలాలు కుదరక చెడిపోయిన పనులే ఎక్కువ. దీనికి చట్టంలోనే దారి ఉంది, చాలామంది అడగరు. కంపెనీ దీన్ని 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్ట్'గా తీర్మానిస్తే, మొదలైన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్ల దాకా నడపవచ్చు. ఖర్చు కాని డబ్బును ఆర్థిక సంవత్సరం ముగిసిన ముప్పై రోజుల్లో వేరే ఖాతాకు మార్చి, అక్కడి నుంచి వాడతారు. ధైర్యంగా అడగండి: 'అయ్యా, మొదటి ఏడాది ఊరిని కూడగట్టడానికి, రెండో ఏడాది కట్టడానికి, మిగతా కాలం నిలబెట్టడానికి ఇవ్వండి' అని.

మొదటి ఏడాదికి డబ్బెందుకు అని అడుగుతారు. ఊళ్లో మీటింగులు పెట్టి, ఇంటింటికీ తిరిగి, గొడవలు సర్ది, లెక్కలు రాసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి జీతం కావాలి. దాతలు ట్యాంకుకు సంతోషంగా ఇస్తారు, ఈ జీతానికి ముఖం చిట్లిస్తారు. 'పరిపాలన ఖర్చు 5 శాతమే' అన్న రూలు చూపిస్తారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు. ప్రాజెక్టును అమలుచేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఈ తేడా తెలియక ఎన్నో సంస్థలు తమ కార్యకర్తలకు జీతాలు అడగకుండా, కట్టడానికి మాత్రమే డబ్బు తీసుకుని నష్టపోయాయి. నిజానికి నాకు ఒక్క బడ్జెట్ పద్దునే కాపాడే అవకాశం ఇస్తే ఈ జీతం పద్దునే కాపాడతాను. కొండల్లో ఒక ఊళ్లో సోలార్ పంపు, తెల్లటి ట్యాంకు, దాత పేరు రాసిన పెద్ద బోర్డు చూశాను. పంపులో చిన్న భాగం పోయింది. అది ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఆడవాళ్లు మళ్లీ గెడ్డకే (వాగుకే) వెళ్తున్నారు. ఆ ఊళ్లో ఒక మనిషిని ఏడాదిపాటు ఉంచి ఉంటే ఆ పంపు ఇవాళ నడుస్తూ ఉండేది.

అమెరికాలో ఉన్న మీవాళ్ల డబ్బు గురించి. ఇక్కడ తెలియక చిక్కుల్లో పడతారు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్ట్ కాపీ ఒకటి తీసుకుని పెట్టుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత అలా తీసుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదలాయించకూడదు కూడా. అందుకని ఎవరి పాస్‌పోర్ట్ ఏ దేశానిదో ముందే అడగండి. మొహమాటపడకండి. ఇక ఎవరి సొమ్మైనా సరే, ఒక వ్యక్తి సొంత ఖాతాలోకి మాత్రం రానివ్వకండి. ఎంత మంచివాడైనా ఆ మనిషికి అది భారమే.

పని మొదలుపెట్టే ముందు లెక్క రాసి పెట్టుకోవడం గురించి ఒక మాట. మహారాష్ట్ర వైపు గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1986 నుంచి పనిచేస్తున్నారు. ఇళ్లలో పుట్టిన పసికందులను ఊరి ఆడవాళ్లే కాపాడగలరని వాళ్లు నమ్మారు. నమ్మకంతో ఆగలేదు. 39 ఊళ్లలో శిక్షణ పొందిన ఊరి కార్యకర్తలతో పని చేయించి, అది లేని 47 ఊళ్లలో కూడా ప్రతి పుట్టుక, ప్రతి చావు లెక్క రాశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆ లెక్కే లేకపోతే ఢిల్లీలో ఎవరూ వినేవారు కాదు. 2011లో ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్లి పసిబిడ్డను చూసే కార్యక్రమం దేశమంతా వచ్చింది. మీకు అంత పరిశోధన అక్కర్లేదు. ఇప్పుడు నీళ్లకు ఏ ఇంటి నుంచి ఎవరు, రోజుకు ఎంతసేపు వెళ్తున్నారు, గత వర్షాకాలంలో ఎన్ని ఇళ్లలో విరేచనాలు వచ్చాయి అన్నది ఒక నోటు పుస్తకంలో రాయండి. ఇంటర్ చదివే ఆడపిల్లలకు ఈ పని ఇస్తే శ్రద్ధగా చేస్తారు. రెండేళ్ల తర్వాత కంపెనీవాళ్లకు చూపించడానికే కాదు, పక్క ఊరికి చెప్పడానికి కూడా అది పనికొస్తుంది.

పక్క ఊరు అన్నాను కదా. ఒక ఊరి పని ప్రభుత్వ విధానంగా మారడం కూడా మన జిల్లాల్లోనే జరిగింది. చోళ్లు (రాగులు) తినడం, పండించడం తగ్గిపోతోందని ఊళ్లలో ఆడవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు ఎంతో కాలంగా చెబుతూ వచ్చారు. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలైంది. మొదటి విడతలో ఏడు జిల్లాలు, 30 బ్లాకులు. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి వాటిలో ఉన్నాయి. డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది. బ్లాకుల్లో నడిపింది స్థానిక సంస్థలు. కార్యక్రమ నిర్వహణ హైదరాబాద్‌కు చెందిన వాసన్ సంస్థది. విత్తనంతో వదిలేయలేదు. నూర్చడం, విసరడం ఆడవాళ్ల నడుములు విరిచే పని కాబట్టి యంత్రాలు పెట్టారు. పండించినది అమ్ముడుపోవాలి కాబట్టి 2018-19 నుంచి గిరిజన సహకార సంస్థ మద్దతు ధరకు కొనడం మొదలుపెట్టింది. అప్పుడు క్వింటాలు 2,897 రూపాయలు, 2025-26కు 4,886. తర్వాత ఇది 30 జిల్లాలకూ వెళ్లింది. దాత గానీ ప్రభుత్వం గానీ గొలుసులో ఒక్క కొక్కెం చేసి ఊరుకోకపోవడమే అక్కడ ఫలించిందని నేననుకుంటాను. మీ కుళాయి విషయంలోనూ వాడిన నీళ్లు ఎటు పోతాయి అని ఇప్పుడే అడగండి. కాలువ లేని వీధిలో నూట ఇరవై కుళాయిలు అంటే నూట ఇరవై బురద గుంటలు, దోమలు.

చదువుకునే గదికి మాత్రం దాతలను ఇప్పుడే అడగకండి. స్కూలు వరండానో, ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలో సాయంత్రాలు వాడుకోవడానికి హెడ్‌మాస్టర్ దగ్గర, సర్పంచ్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రెండు బల్లలు, మంచి బల్బులు, తెలుగు, ఒడియా పుస్తకాలు కొన్ని, వాటికి సూరత్‌లో ఉన్నవాళ్ల చందా చాలు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆడపిల్లలు ఏ వేళ దాకా ఉండవచ్చో, వాళ్లను ఇంటికి ఎవరు దింపుతారో ముందే మాట్లాడుకోండి. ఒక పరీక్షల కాలం అలా నడిచాక, రోజూ ఎంతమంది పిల్లలు వస్తున్నారో చూసి అప్పుడు గది కొలత వేయండి.

పల్లీసభ తీర్మానం, ఇళ్ల జాబితా, నెల చందా లెక్క సిద్ధమయ్యాక బడ్జెట్ పట్టిక ఇక్కడ పెట్టండి. ఏ పద్దు ఏ దాతకు చూపించాలో వరుసగా చూసి చెబుతాను. సంస్థతో ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మాత్రం తప్పకుండా పెట్టండి.